నెలలు నిండక పుట్టిన బిడ్డల మూత్రపిండాలు

నెలలు నిండక పుట్టిన బిడ్డ బ్రతికి బట్టకట్టినందుకు స్వామి సన్నిధిలో పుట్టువెంట్రుకలు సమర్పించి మొక్కు తీర్చుకొనే తల్లిదండ్రులు ఎందరో. గండం గడిచినదన్న ఆ సంతోషం న్యాయమైనదే. అయితే మూత్రపిండాల విషయంలో మాత్రం జాగరూకత వీడరాదు.

రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు ఒక్కొక్క మూత్రపిండంలో సగటున 10 లక్షల వరకు ఉంటాయి. వీటిలో సగానికి పైగా గర్భధారణ చివరి 3 నెలలలోనే రూపొందుతాయి. సుమారు 36వ వారానికి ఆ నిర్మాణం ముగుస్తుంది. ముందుగా జన్మించిన శిశువులో ఆ పని కొంతకాలమే సాగి ఆగిపోతుంది. పిమ్మట క్రొత్తవి పుట్టవు. ఉన్న కొద్దిపాటి నెఫ్రాన్లే అధిక భారం మోయవలసి వచ్చి, కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ రక్తపోటు పెరగవచ్చు. మూత్రంలో ప్రోటీను పోవచ్చు. ఆరంభంలో నొప్పిగాని వాపుగాని కనిపించకపోవచ్చు.

కావున అట్టి బిడ్డకు ఏటా రక్తపోటు చూపించాలి. 32 వారాలకు ముందే పుట్టినచో మూడేళ్లు నిండకముందు నుండియే చూపించాలి. వైద్యులు చెప్పినపుడు మూత్రపరీక్ష చేయించాలి. ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మందులు సొంతంగా ఇవ్వరాదు. వాంతులు, విరేచనాలు అయినపుడు ఒంట్లో నీరు తగ్గనీయరాదు. ఉప్పు మితంగా వాడాలి. అధిక బరువు పెరగనీయరాదు.

హైదరాబాదులో పిల్లలకు నీలోఫర్, పెద్దవారైన పిమ్మట అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రులు అందుబాటులో ఉన్నాయి. బిడ్డ ఎన్నో వారంలో, ఎంత బరువుతో పుట్టినదో తెలిపే డిశ్చార్జి పత్రాన్ని జాతకంవలె భద్రపరచండి. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ముందుగా దానిని చూపండి.