ఎముక అతికితే చాలదు, కండ కప్పాలి

మోకాలి కింద కాలి ముందువైపు ఎముకను కప్పి ఉంచేది పలుచటి చర్మమే. వెనక పిక్కలో కండ పుష్కలంగా ఉంటుంది, ముందు ఉండదు. అందుకే బైక్ పడినా, లారీ చక్రం ఎక్కినా మొదట బయటపడేది ఆ ఎముకే. చెన్నై–బెంగళూరు రహదారి పక్కనున్న వేలూరుకు ఇలాంటి కాళ్లు కొత్త కాదు.

పైపొర ఊడిన ఎముకకు రక్తం అందదు. దానిమీద చర్మం అతికించినా పట్టదు. ఇలాంటి గాయాలకు గస్టిలో, ఆండర్సన్ అనే సర్జన్లు 1976లో చేసిన వర్గీకరణకు 1984లో చేర్చిన ఉపరకాల్లో 3బి అంటే ఇదే: ఎముక బయటపడి, కండను తిప్పో తెచ్చో కప్పితే తప్ప మూయలేని గాయం. రక్తనాళం కూడా తెగి, దాన్ని బాగుచేస్తే తప్ప కాలు దక్కనిది 3సి.

మొదటి పని శుభ్రం చేయడం. మట్టి కడిగి, చచ్చిన కండను నెత్తురు చిమ్మే చోటు దాకా కోసేస్తారు. ఇక్కడ మొహమాటపడితే తర్వాతి శ్రమంతా చీము పాలే. ఎముకను రాడ్డుతోనో బయటి ఫ్రేముతోనో నిలబెట్టాక కప్పు వెతుకుతారు. గాయం మోకాలి దగ్గరైతే పిక్క కండను, నడుమ అయితే దాని అడుగునున్న సోలియస్‌ను రక్తనాళాలతో సహా తిప్పి కప్పుతారు. చీలమండ దగ్గరికి వచ్చేసరికి తిప్పడానికి కండ మిగలదు.

అక్కడే ఫ్రీ ఫ్లాప్ అవసరపడుతుంది. తొడ నుంచో వీపు నుంచో చర్మాన్ని, కండను ధమని, సిరలతో సహా పూర్తిగా వేరుచేసి కాలికి తెస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కలుపుతారు. నాళాలకు పెట్టిన క్లిప్పు తీయగానే తెల్లబారిన ముక్క గులాబీ రంగుకు తిరగాలి. మొదటి రెండు మూడు రోజులు నర్సులు గంట గంటకూ రంగు, వేడి చూస్తారు. నల్లనీలంగా మారితే సిరలో గడ్డ కట్టినట్టు అనుమానించి వెంటనే థియేటర్‌కు తీసుకెళ్లాలి. బీడీ, సిగరెట్ ఈ నాళాలకు పగ. బీడీలు చుట్టి బతికే కుటుంబాలున్న, వేలూరు దగ్గరి గుడియాత్తంలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఆలస్యం కూడా పగే. తొలి 72 గంటల్లో కప్పిన కాళ్లలో చీము, ఫ్లాప్ చెడిపోవడం బాగా తక్కువని స్లొవేనియా సర్జన్ మార్కో గోడినా 1986లో చూపించాడు. ఎముకల డాక్టరు, ప్లాస్టిక్ సర్జన్ మొదటిరోజే కలిసి గాయం చూడాలన్నది దాని సారం. విడివిడిగా చూసే పద్ధతి వల్ల దక్కాల్సిన కాళ్లు పోతాయి.

వేలూరుకు ఈ విద్యలో పాత పేరుంది. 1940ల చివర్లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఇక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లోనే కుష్ఠు రోగుల చేతులకు స్నాయువులు మార్చి కదలిక తెప్పించాడు. 1954 ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసిన ఆయన శిష్యురాలు మేరీ వర్గీస్ 1966లో ఇక్కడ పునరావాస కేంద్రం నెలకొల్పారు. ఫ్లాప్ బతికాక మళ్లీ నడక నేర్పేది ఫిజియోథెరపీయే కదా. 2022లో మొదలైన రాణిపేట ప్రాంగణానికి సీఎంసీ ప్రమాద బాధితుల చికిత్స మారింది. గుడియాత్తం నుంచి అది వేలూరు కన్నా దూరం, కాబట్టి దారిలో నిమిషాలు పోగొట్టకూడదు.

గాయానికి పసుపు, కాఫీపొడి అద్దవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి, నెత్తురు కారేచోట గట్టిగా అదిమి, 108కి ఫోన్ చేయండి. తమిళనాడులో ప్రమాదం జరిగితే, ఏ రాష్ట్రంవారికైనా తొలి 48 గంటల అత్యవసర చికిత్స, రాష్ట్ర ప్రభుత్వ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో నిర్ణీత పరిమితి వరకు ఉచితం. 2021 డిసెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. చిత్తూరు నుంచి వచ్చేవారూ అడిగి వాడుకోండి.