హలీం ఎవరిది?



రంజాన్ నెల వచ్చిందంటే హైదరాబాదుల సందు సందుకు హలీం బట్టీలు వెలుస్తయి. మన దిక్కు నల్గొండ, మహబూబ్‌నగర్ బజార్లల్ల గూడ అమ్ముతరు. మనలో తిన్నవాళ్ళు కొందరే గాని పేరు విననివాళ్ళు లేరు. అయితే ఈ వంట ఎవరిది? దీని మీద దేశాల నడుమ పెద్ద వాదన ఉన్నది.

ముందు హలీం ఎట్ల చేస్తరో చెప్తాను. గోధుమలు, మటన్, పప్పులు, నెయ్యి, అల్లం, ఎల్లిగడ్డ, మసాలాలు రాగి డేగిసాలో వేసి కట్టెల మంట మీద సుమారు 12 గంటలు ఉడికిస్తారు. ఉడికితే సరిపోదు, దంచాలె. ఇద్దరు మనుషులు రెండు పక్కల నిలబడి పెద్ద కట్టెలతో దంచుతూనే ఉంటరు. ఆ కట్టె మన పప్పుగుత్తి లాంటిదే, కాని మనిషి ఎత్తు ఉంటది. దాన్ని ఘోట్నీ అంటరు. మాంసం ఏదో గోధుమ ఏదో తెలువకుండ కలిసిపోవాలె.

ఇక వాదన సంగతి. మొదటి మాట అరబ్బులది. యెమెన్ దేశంలో హద్రమౌత్ అనే ప్రాంతం కలదు. అక్కడి అరబ్బులు నిజాం సైన్యంలో పని చేయడానికి వచ్చి హైదరాబాదులో బార్కస్‌లో ఉండిపోయినారు. బ్యారక్స్ అనే మాటనే బార్కస్ అయింది. వాళ్ళ వంట పేరు హరీస్. అందులో గోధుమ, మాంసం, ఉప్పు, నెయ్యి ఉంటయి గాని మసాలా తక్కువ. అరబ్బీలో ఆ మాటకు దంచినది అని అర్థం. బార్కస్‌లో ఇప్పటికీ హరీస్ దొరుకుతది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఇది హైదరాబాదుకు వచ్చిందని, ఏడవ నిజాం కాలంలో పేరు పొందిందని చెప్తరు. మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఈ ఆరవ నిజాం మీదనే వచ్చింది.

రెండవ మాట ఢిల్లీది. అక్బరు చక్రవర్తి కాలంలో, అనగా 16వ శతాబ్దం చివర, అబుల్ ఫజల్ రాసిన అయినీ అక్బరీలో హరీసా, హలీం రెండూ ఉన్నవి. అప్పటికి నిజాంల రాజ్యమే లేదు. మరి హైదరాబాదు కంటే ముందే హలీం ఉన్నట్టే గదా!

మూడవ మాట ఇంకా పాతది. 10వ శతాబ్దంలో బాగ్దాదులో రాసిన వంటల పుస్తకంలో హరీసా చేసే పద్ధతి ఉన్నది. ఆర్మేనియావాళ్ళు కూడా ఇది మాదే అంటరు. టర్కీలో ఇటువంటి వంటనే కెష్కెక్ అంటరు. 2011లో యునెస్కో కెష్కెక్‌ను టర్కీ పేరు మీద రాసుకుంటే ఆర్మేనియావాళ్ళు ఒప్పుకోలేదు.

2010లో హైదరాబాద్ హలీంకు జి.ఐ. గుర్తింపు వచ్చింది. అంటే ఇది ఈ ఊరి వస్తువు అని సర్కారు ఇచ్చే ముద్ర. మన పోచంపల్లి చీరలకు ఉన్నది గూడ ఇదే. ఆ ముద్ర హలీం ఇక్కడే పుట్టిందని చెప్పదు. ఈ రుచి, ఈ పద్ధతి హైదరాబాదుది అని మాత్రమే చెప్తది. అరబ్బుల హరీస్‌లో మన దేశపు మసాలాలు కలిసి ఇది వేరే వంట అయింది. కాబట్టి అందరి మాటలో కొంత నిజం ఉన్నది.

కాని ఒక సంగతి గమనించండి. అందరూ చూపించేది పుస్తకాన్నో కాయితాన్నో. రాసినవాళ్ళకే వాదన చేసే వీలు దొరికింది. దంచినవాళ్ళ పేరు ఏ పుస్తకంలో లేదు. మా తండా నుండి మా కాక రంజాన్ నెలల హలీం బట్టీకి కూలికి పోతడు. రాత్రంత దంచి దంచి అరచేతులు బొబ్బలెక్కుతయి. గిన్నె మీద దుకాణం పేరు ఉంటది, మా కాక పేరు ఉండదు. పాలమూరు లేబర్ కట్టిన డ్యాముల మీద గూడ వాళ్ళ పేర్లు లేవు గదా.

గింజలు దంచి వండుడు మనకు కొత్త కాదు. మా అవ్వ జొన్నలు రోట్ల దంచి గటక చేస్తది. గోధుమ పండేకాడ గోధుమ దంచిండ్రు, జొన్న పండేకాడ జొన్న దంచిండ్రు. మా అవ్వకు రాయరాదు కాబట్టి ఆమె గటక ఏ పుస్తకంలోకి ఎక్కలేదు. మా ఇంట్ల మొదట బడికి వచ్చింది నేనే. మీలో చాలామంది కూడా అంతే.

అందుకే నేను కోరేది ఏమనగా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వను, అమ్మను అడిగి ఒక్క వంట రాసుకొని రండి. ఏ గింజ, ఎంత నీళ్ళు, ఎంత సేపు, ఎవరి దగ్గర నేర్చుకున్నరు అన్నీ రాయండి. కింద వాళ్ళ పేరు పెట్టండి. వచ్చే నెల ఈ గోడ మీద అతికిద్దాం.