మేడి పట్టిన యంత్రం

గోరంట్ల చుట్టుపక్కల ఎర్రనేలల్లో మడక దున్నిన పెద్దలను అడిగి చూడండి. లాగేది ఎడ్లే అయినా, దున్నేది మేడి పట్టిన చెయ్యి అంటారు. కర్రుకు రాయి తగిలిన సంగతి కంటికన్నా ముందు అరచేతికి తెలుస్తుంది. అదుము తగ్గించి, రాయి దాటాక మళ్లీ అదుముతాడు. సాలు చివర మడకను ఎత్తి మలుపు తిప్పుతాడు. ట్రాక్టర్‌కు మేడి లేదు. మరి ఆ చేతి పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

సీటు కింద, వెనక చక్రాల నడుమ ఉన్న ఇనుప పెట్టెలోని నూనె. ట్రాక్టర్ అనగానే అందరూ ఎన్ని హార్స్‌పవర్ అని అడుగుతారు గానీ, దాన్ని సేద్యపు యంత్రంగా మార్చింది ఇంజను కాదని నా నమ్మకం. వెనక ఉన్న మూడు లింకులు, వాటిని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ మార్చాయి.

తొలినాళ్ల ట్రాక్టర్లు గుర్రం చేసే పనే చేసేవి. నాగలిని వెనక కట్టుకుని ఈడ్చేవి, అంతే. నాగలి పెద్ద రాయికి చిక్కుకుంటే ప్రాణం మీదికి వచ్చేది. చక్రాలు ఆగిపోయినా ఇంజను తిప్పడం మానదు కదా, ఆ బలం బండి ముందు భాగాన్ని గాల్లోకి లేపేది. బండి వెనక్కి తిరగబడి నడిపేవాళ్లు చనిపోయారు. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌కు ఈ చెడ్డపేరు చాలాకాలం ఉండిపోయింది.

దీనికి మందు కనిపెట్టినవాడు ఉత్తర ఐర్లండ్ రైతు కొడుకు హ్యారీ ఫెర్గూసన్. 1884లో పుట్టాడు. సొంతంగా కట్టుకున్న విమానంలో 1909 చివరి రోజున గాల్లోకి లేచాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తిండిగింజల కరువు వచ్చినప్పుడు, ట్రాక్టర్ల పని మెరుగుపరచమని ప్రభుత్వం అతనికి అప్పగించింది. పొలం పొలం తిరిగి చూశాక అతనికి ఒక సంగతి బోధపడింది. నాగలి, ట్రాక్టర్ రెండు వేర్వేరు వస్తువులుగా ఉన్నంతకాలం ఈ ప్రమాదం తప్పదు. రెండూ ఒకే ఒళ్లు కావాలి.

అందుకే కింద రెండు లింకులు, పైన ఒకటి. కింది రెండూ నాగలిని లాగుతాయి. కర్రు నేలలో దిగినప్పుడు నాగలి ముందుకు తలవాల్చబోతుంది, అప్పుడు టాప్ లింక్ బండిని ముందుకు నెడుతుంది. వెనక్కి తిరగబడేలా చేసిన బలమే ఇప్పుడు ముందు చక్రాలను నేలకు అదిమి పెడుతుంది. నాగలి బరువులో కొంత, మట్టి బరువులో కొంత వెనక చక్రాల మీదికి వచ్చి పట్టు పెరుగుతుంది. తేలికపాటి బండి కూడా బరువైన బండి పని చేస్తుంది.

ఇక మేడి సంగతి. నేల గట్టిపడితే టాప్ లింక్ మీద నెట్టుడు పెరిగి, దాని మొదట్లోని స్ప్రింగు నొక్కుకుంటుంది. స్ప్రింగు కదిలితే నూనె వాల్వు తెరుచుకుని లిఫ్ట్ నాగలిని కొంచెం లేపుతుంది. నేల మెత్తబడగానే మళ్లీ దించుతుంది. అరచేతి స్పర్శను ఫెర్గూసన్ ఒక స్ప్రింగుకు, నూనెకు నేర్పాడు. డ్రాఫ్ట్ కంట్రోల్ అనే ఈ పద్ధతి పేటెంటు 1926 నాటిది.

నూనెకు అంత బలం ఎక్కడిది? మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలోనే పాస్కల్ చెప్పాడు. లెక్క చూద్దాం. 8 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ ముఖం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 150 కిలోల ఒత్తిడి పడితే మొత్తం 7,500 కిలోలు. పిస్టన్ ఒక సెంటీమీటరు కదిలినప్పుడు లింకుల చివర ఆరు సెంటీమీటర్లు లేస్తుందనుకుంటే, అక్కడ ఎత్తగలిగేది 1,250 కిలోలు. మధ్యరకం ట్రాక్టర్ లిఫ్ట్ బలం దాదాపు ఇంతే ఉంటుంది.

1938లో ఫెర్గూసన్ తన ట్రాక్టర్‌ను అమెరికా తీసుకెళ్లి హెన్రీ ఫోర్డ్‌కు చూపించాడు. కాగితం లేదు, సంతకం లేదు. చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడాదే ఫోర్డ్ 9ఎన్ బయటికొచ్చింది. ఫోర్డ్ మనవడి హయాంలో ఆ మాట చెల్లలేదు. కోర్టుకెక్కిన ఫెర్గూసన్‌కు 1952లో 92.5 లక్షల డాలర్లు దక్కాయి. ఈలోగా 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో అతని టీఈ20 తయారవుతూ వచ్చింది. పదేళ్లలో ఐదు లక్షలకు పైగా బండ్లు! ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1958లో దక్షిణ ధ్రువం చేరింది కూడా ఈ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే.

1960లో మద్రాసులో టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్‌తో చేయి కలిపి మొదలైంది. మన ఊళ్లలో తిరిగే ఎర్ర మాసీ బండి బానెట్ మీద ఉన్నది ఈ మనిషి పేరే. పేటెంట్ల గడువు తీరాక మిగతా కంపెనీలూ అదే పద్ధతి అందుకున్నాయి.

గోరంట్లకు ఇది ఎందుకంత ముఖ్యం? అనంతపురం ప్రాంతంలో ఏటా పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఎర్రనేలలో పదును ఎక్కువ రోజులు నిలవదు, వేరుశనగ విత్తనం ఆ కొద్ది వ్యవధిలోనే పడాలి. లిఫ్ట్ ఉన్న బండి గొర్రును చిటికెలో ఎత్తి, గట్టు పక్కనే తిరిగి, మరో సాలు పట్టుకుంటుంది. మట్టి లోతు తక్కువ, కింద రాయి. ఇలాంటి నేలలో డ్రాఫ్ట్ కంట్రోలే అసలు అవసరం. కానీ చాలామంది లిఫ్ట్‌ను ఎత్తడానికి, దించడానికి మాత్రమే వాడి, డ్రాఫ్ట్ కంట్రోల్ కోసం ఉన్న రెండో లివరును ముట్టుకోరు. కర్రు విరిగినప్పుడు నేలను తిడతారు.

మల్బరీ, చీనీ తోటల వరుసల మధ్య ఇప్పుడు చిన్న ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. కొనేవాళ్లు ఇంజను కన్నా వెనక భాగాన్ని ఎక్కువసేపు చూడాలి. 18 హార్స్‌పవర్ బండి లిఫ్ట్ 500 కిలోల దగ్గర ఆగిపోవచ్చు. పనిముట్టు బరువు లింకుల చివరి నుంచి ఎంత వెనక్కి జరిగితే అంత భారమవుతుంది, కాబట్టి వెనక్కి పొడవుగా ఉన్న పనిముట్టు తక్కువ బరువైనా ముందు చక్రాలను తేల్చవచ్చు. పిన్నులూ కొలవండి. ఒకటో కేటగిరీ కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, రెండోది 28. చిన్న పిన్నును పెద్ద రంధ్రంలో పెడితే బుష్ వేయందే ఊగుడు ఆగదు, ఆ ఊగుడుకు రెండూ అరిగిపోతాయి. ట్రాలీని టాప్ లింక్ చోట ఎప్పుడూ తగిలించకండి, పాత ఫోర్డ్‌సన్ ప్రమాదాన్ని మళ్లీ ఇంటికి తెచ్చుకున్నట్టే.

నడిపే అన్నలకు చివరిగా ఒక విన్నపం. బండి ఆపగానే పనిముట్టును నేలకు దించండి. ఎత్తి ఉన్న గొర్రును పట్టి ఉంచేది నూనె ఒత్తిడి ఒక్కటే. దాని కింద పిల్లలు ఆడుకుంటూ ఉండవచ్చు.