డ్రమ్ము పక్షపాతం

బ్రేకు తొక్కగానే పాత కారు ఒక పక్కకి లాగిందంటే షెడ్డులో మొదట వినపడే మాట “అడ్జస్ట్‌మెంట్ పోయింది, కాస్త బిగిస్తే సరి” అని. బ్రేక్ ఆయిల్‌తో పనిచేసే కార్లకు ఈ వైద్యం చాలావరకు గురి తప్పిందే. ఇది రాడ్లూ తీగలూ చక్రాల్ని పట్టి ఆపిన రోజుల నుంచి వచ్చిన అలవాటు. అప్పట్లో కాలి బలం ఇనప కడ్డీల మీదుగా నాలుగు చక్రాలకూ పంపకమయ్యేది. ఒక కడ్డీ రవ్వంత వదులైతే ఆ చక్రం వాటా తగ్గేది, బిగిస్తే మళ్లీ దక్కేది. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ ద్రవ బ్రేకులు పెట్టుకుని వచ్చింది. ఆ పద్ధతి మాల్కం లాక్‌హీడ్ చలవ. గొట్టం చిట్లి ఆయిల్ కారిపోతే గతేమిటని శంకించినవాళ్లకు కొదవ లేదు. ఫోర్డ్ కంపెనీ అయితే 1939 మోడళ్లు వచ్చేదాకా ఉక్కు కడ్డీలనే నమ్ముకుంది. ఆ శంకలో అర్థం లేకపోలేదు గానీ, ఆయిల్ రాకతో పంపకం లెక్కే మారిపోయింది. మూసిన గొట్టంలో పీడనం అన్ని వైపులా ఒకటే. ఎడమ చక్రంతో తిరిగే డ్రమ్ముకీ దాన్ని లోపలి నుంచి ఒత్తే షూకీ మధ్య సందు ఎక్కువుంటే ఆయిల్ ముందు అక్కడికే పోతుంది, ఆ షూ తగిలేదాకా కుడి షూ కూడా గట్టిగా అదమదు. అందువల్ల సందు తేడా ఉంటే పెడల్ లోతుగా దిగుతుంది, మహా అయితే తొక్కిన తొలి క్షణంలో బండి కొంచెం తడబడుతుంది. తొక్కిపట్టినంతసేపూ లాగే జబ్బుకు మూలం వేరేచోట ఉంది.

ఆ మూలం డ్రమ్ము బ్రేకు గొప్పతనంలోనే దాగి ఉంది. 1902లో లూయీ రెనో తెచ్చిన ఈ బ్రేకులో తిరిగే డ్రమ్మే షూని తనలోకి లాక్కుంటుంది. తలుపు కింద దూర్చిన చెక్క చీలికను తలుపే ఇంకా బిగించుకున్నట్టు, ఘర్షణ పుట్టేకొద్దీ షూ మరింత గట్టిగా ఒత్తుకుంటుంది. ఇలా డ్రమ్ము సాయం అందుకునేది లీడింగ్ షూ. డ్రమ్ము వెనక్కి నెట్టేది ట్రైలింగ్ షూ. 1948లో వచ్చిన మోరిస్ మైనర్ ముందు చక్రాల్లో ఒక్కోదానికి షూలని తోసే సిలిండర్లు రెండేసి, షూలు రెండూ లీడింగే. మెత్తగా తొక్కినా బండి ఆగడానికి కారణం అదే. కానీ ఈ సాయం ఊరికే రాదు. షూ ఒక కొస కీలు, రెండో కొస సిలిండర్ తోపు, మధ్యలో ఒక్కచోటే లైనర్, అంటే షూ మీది ఘర్షణ పట్టీ, తగులుతుందని సులువైన నమూనా అనుకుందాం. తగిలేచోటు కీలు నుంచి ఎంత పైన ఉందో అంత పక్కకీ ఉందనుకుంటే, సిలిండర్ తోపుకు ఎన్ని రెట్లు బ్రేకు పుడుతుందో ఇట్టే లెక్కకట్టవచ్చు. ఘర్షణ గుణకం 0.3 అయితే లీడింగ్ షూ 0.86 రెట్లు ఇస్తుంది, 0.4 అయితే 1.33 రెట్లు. గుణకం మూడో వంతు పెరిగితే బ్రేకు సగానికి మించి, సుమారు 56 శాతం, పెరిగిందన్నమాట. అదే ట్రైలింగ్ షూ అయితే 0.46 నుంచి 0.57కి, 24 శాతమే. నిజం షూలో లైనర్ పొడుగునా తగులుతుంది కాబట్టి అంకెలు మారతాయి, పోకడ మాత్రం మారదు. రెండు పక్కల లైనర్ల మధ్య చిన్న తేడాని లీడింగ్ షూ పెద్దది చేసి స్టీరింగ్‌కి అందిస్తుంది.

ఈ గుణమే రోగనిర్ధారణకు అందమైన దారి చూపిస్తుంది. డ్రమ్ము వెనక్కి తిరిగితే మైనర్ ముందు షూలు నాలుగూ ట్రైలింగ్ అయిపోతాయి. లోపం తోపులో ఉంటే, అంటే సిలిండర్ పట్టేసినా, హోస్ పూడినా, రిటర్న్ స్ప్రింగు సత్తువ తగ్గినా, కుడి ఎడమల నిష్పత్తి ముందుకు తిప్పినా వెనక్కి తిప్పినా ఇంచుమించు ఒకటే. లోపం లైనర్‌లో ఉంటే ముందుకు తిప్పినప్పుడు తేడా ఎక్కువ, వెనక్కి తిప్పినప్పుడు తక్కువ. రోడ్డు మీద రివర్సులో బ్రేకు తొక్కి చూస్తే చాలదా అనొచ్చు. చాలదు. వెనక్కి పోయేటప్పుడు బ్రేకు వేస్తే ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది, స్టీరింగ్ తీరూ మారుతుంది. టైరులో గాలి, అరిగిన కింగ్‌పిన్ బుష్షులు కూడా సాక్ష్యాన్ని కలగలిపేస్తాయి. వీటన్నిటినీ పక్కన పెట్టాలంటే ముందు చక్రాల్ని గాల్లోకి లేపి, జాకీని నమ్మకుండా స్టాండ్లు పెట్టి, సీటుకీ పెడల్‌కీ మధ్య ఒక కర్ర బిగించి పెడల్‌ని కొద్దిగా నొక్కి ఉంచాలి. టైరుకు తాడు చుట్టి స్ప్రింగ్ కాటాతో లాగి, చక్రం కదిలేటప్పటి అంకె చూడాలి. ప్రతి చక్రాన్నీ ముందుకొకసారి, వెనక్కొకసారి. పెడల్ వదిలేశాక వచ్చే ఊరక పట్టుని తీసేస్తే మిగిలిన నాలుగు అంకెలే తీర్పు చెబుతాయి.

“బిగించాక మా బండి తిన్నగా పోతోంది కదా” అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. బిగించినప్పుడు పిస్టన్ సిలిండర్‌లో కాస్త జరిగి తుప్పు లేని చోట కూర్చుంటుంది, కొన్నాళ్లు సాఫీగా ఆడుతుంది. తుప్పు అక్కడికీ పాకితే లాగుడు తిరిగొస్తుంది. ఇంకో పొరపాటు, బండి ఏ పక్కకి లాగితే ఆ డ్రమ్మునే విప్పడం. బ్రేకు ఎక్కువ పట్టేది ఆ పక్కే, నిజమే. కానీ చాలాసార్లు అది తన పని తాను చేస్తుంటుంది, చతికిలబడింది అవతలి పక్క. అలాగని ఎప్పుడూ అవతలి పక్కే అనలేం, సిలిండర్ సీలు నుంచి కొద్దిగా ఆయిల్ ఊరిన లైనర్ జిగురెక్కి ఒక్కోసారి ఉన్నపళాన పట్టేస్తుంది కూడా. తొక్కగానే కుడికి లాగి, వదిలాక ఎడమకి ఈడిస్తే లోపల ఉబ్బిన ఎడమ హోస్‌ని అనుమానించాలి. ఆయిల్ లోపలికి ఆలస్యంగా పోతుంది, బయటికి అంతకన్నా ఆలస్యంగా వస్తుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు లాగుడు పక్క మారిందంటే ఎక్కువ పనిచేసిన లైనర్ ముందు వేడెక్కి పట్టు కోల్పోయిందని అర్థం. లేత్ మీద కోసిన డ్రమ్ములో మామూలు వంపున్న కొత్త షూ వేస్తే లైనర్ మధ్యలోనే తగులుతుంది, అది అరిగి కుదురుకునేదాకా పక్కపక్కకీ తేడా తప్పదు. అందుకే డ్రమ్ములు రెండూ ఒకే కొలతకి కోయించాలి, లైనర్లు జతగా మార్చాలి. విప్పిన డ్రమ్ములోని దుమ్మును గాలిగొట్టంతో ఊదే అలవాటు మాత్రం మానాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడవడమే మేలు.

తర్వాతి కథ తెలిసిందే. 1953లో లమాన్ పందెం గెలిచిన జాగ్వార్ సీ-టైప్ కార్లు డన్‌లప్ డిస్క్ బ్రేకులతో పరుగెత్తాయి, ఆ తర్వాత ముందు చక్రాల నుంచి డ్రమ్ము తప్పుకుంటూ వచ్చింది. డిస్కుకి స్వయంసాయం లేదు, గుణకం మూడో వంతు పెరిగితే బ్రేకూ మూడో వంతే పెరుగుతుంది. అంచేత కాలికి సాయంగా వాక్యూమ్ బూస్టర్ రావలసి వచ్చింది. చాలా చిన్న కార్లలో వెనక చక్రాలకు ఇప్పటికీ డ్రమ్మే ఉంది, అక్కడ ఒక షూ లీడింగ్, ఒకటి ట్రైలింగ్. బండి ఎటు జారబోయినా హ్యాండ్‌బ్రేకు పట్టుకోవాలంటే ఆ జంట అలాగే ఉండాలి.