లండను వీథినటుల గూఢభాష

వీథులలో నాటలాడి పొట్ట పోసికొనువారి చరిత్రము ప్రాయికముగా గ్రంథస్థము గాదు. విక్టోరియారాణి కాలమునాఁటి (1837-1901) లండను వీథినటుల విషయమున నీ నియమమునకొక యపవాదము గలదు. హెన్రీ మేహ్యూ యను పత్రికారచయిత 1849 మొదలు ఆ నగరమందలి పేదలను గలిసికొని, వారి మాటలను వారి పలుకుబడితోనే వ్రాసికొనెను. 1861లో వెలువడిన యాతని గ్రంథ తృతీయసంపుటమున బొమ్మలాటవాఁడు, మొగ్గలు వేయువాఁడు, గారడివాఁడు, కత్తులు మ్రింగువాఁడు మున్నగువారు తమ వృత్తాంతములను దామే చెప్పుకొనుచున్నారు.

వీరిలో 'పంచ్' అను బొమ్మ నాడించువాని మాటలు వైయాకరణులకు మిక్కిలి యుపాదేయములు. ఈ పంచ్ ఇటలీదేశపు హాస్యపాత్రమగు 'పుల్చినెల్లా'నుండి పుట్టినవాఁడు. ఆటగాండ్రు సాధారణముగ నిద్దఱు. ఒకఁడు గుడారములో దాఁగి, నోట చిన్నపీఁక నుంచుకొని పంచ్ గొంతు పలికించును. రెండవవాఁడు వెలుపల డోలు వాయించుచు డబ్బు వసూలు చేయును. జనులయెదుటనే రహస్యముగ మాటలాడుకొనుటకు వారు వాడినది 'పార్ల్యరీ' యను గూఢభాష.

ఇందలి పదములు పెక్కులు ఇటలీభాషాభవములు. 'బోనా' యనఁగా మంచిది. 'ముంజారే' యనఁగా తిండి. మూలమున 'మాంజారె' తినుట యను క్రియ, ఇచట నామమైనది. 'లెంతె' యనఁగా పడక. 'లెత్తో' శబ్దమందలి ద్విరుక్తతకారములలో మొదటిది నకారమైనది.

మన వ్యాకరణపాఠములలో బాలురకుఁ జెప్పు నుదాహరణము 'దేవదత్తుఁ డన్నము వండుచున్నాఁడు' అని. ఈ యాటగాఁడు తన భాషను దెలుపుటకుఁ జూపిన యుదాహరణములో తిండి లేదు, పానము లేదు, పడక లేదు. ఇది యతిశయోక్తి గాదు. ఈ విద్యలోఁ బ్రసిద్ధుఁడైన పిచ్చీనీ యను నిటలీవాని యాట 1828లో గ్రంథరూపమున వెలువడెను. 1835లో నాతఁడు దరిద్రులను బనిచేయించి పోషించు శాలలో మరణించెను.

1864లో వీథిగాయకులను ఇంటియెదుటనుండి వెడలించుటకు గృహస్థుల కధికతరమగు హక్కు నిచ్చు శాసనము వచ్చెను. వీరి రొదవలనఁ దన పనికి భంగమగుచున్నదని గణితవేత్త చార్లెస్ బాబేజి చిరకాలము మొఱపెట్టెను. ఆ మొఱ నిజమే. వెడలినవాని కూడు పోవుటయు నిజమే.

పండితుల వాదము శాసనములలో నిలిచినది. వీథినటుని పక్షమున నిలిచినవి మేహ్యూ వ్రాసికొన్న యీ మాటలే. సాధుశబ్దమునే గ్రహింపవలయునని గురువులు మాకు బోధించిరి. దానిని నేను కాదనను. కాని యపశబ్దములని వీనిని విడిచియుండినచో, ఆఁకలిగొన్న యా మనుష్యుఁడు సైతము మనకు దక్కకపోవును. కావున విన్నది విన్నట్లు వ్రాసియుంచుట ముందు, సాధ్వసాధువిచారము పిదప.