ఆగాల్సిన లోతులో ఆగే ప్రోటాన్

తమిళనాడులోని రాజపాళయం నూలు మిల్లుల ఊరు. ఇక్కడి రాజు కులస్థుల ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు. పెద్ద జబ్బు చేస్తే మదురై, అదీ చాలకపోతే చెన్నై. పొదిగై ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి ఎగ్మోర్. ఆ చెన్నైలోని తరమణిలో 2019 జనవరిలో దక్షిణాసియాలోనే మొదటి ప్రోటాన్ చికిత్సా కేంద్రం తెరుచుకుంది. నెలకొల్పింది అపోలో సంస్థ. దాని వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు చిత్తూరు జిల్లా అరగొండ.

జనం 'కరెంటు పెట్టడం' అనే మామూలు రేడియేషన్‌లో వాడేవి ఎక్స్ కిరణాలు. అవి క్యాన్సర్ గడ్డ దగ్గర ఆగవు, శరీరం అవతలి దాకా పోతాయి. దారిలోని మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది. ప్రోటాన్ తీరు వేరు. విద్యుదావేశమున్న ఈ రేణువు లోపలికి వెళ్తూ మొదట్లో కొద్దికొద్దిగానే శక్తిని వదులుతుంది. వేగం తగ్గేకొద్దీ ఎక్కువ వదిలి, చివర్లో మిగిలినదంతా కుమ్మరించి ఆగిపోతుంది. ఎంత లోతున ఆగాలన్నది దానికిచ్చే శక్తిని బట్టి ఉంటుంది. 230 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ నీటిలో దాదాపు 33 సెంటీమీటర్లు వెళ్తుంది. అంత వేగం ఇవ్వడానికే సైక్లోట్రాన్ అనే భారీ యంత్రం.

ఈ గుణాన్ని వైద్యానికి వాడవచ్చని భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ రాసింది 1946లో. అమెరికాలోని బర్కిలీలో తొలి రోగికి ప్రోటాన్లు ఇచ్చింది 1954లో. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చెన్నై అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభించిందీ అదే ఏడాది.

దీని అసలు విలువ పిల్లల దగ్గర తెలుస్తుంది. మెదడులో మెడుల్లోబ్లాస్టోమా గడ్డ వచ్చిన బిడ్డకు ఆపరేషన్ తరువాత సాధారణంగా వెన్నెముక పొడవునా రేడియేషన్ ఇవ్వాలి. ఎక్స్ కిరణాలైతే వెన్ను దాటి గుండెను, ఊపిరితిత్తులను, పేగులను తాకుతాయి. ప్రోటాన్లు వెన్ను దగ్గరే ఆగుతాయి. ఇంకా ఎన్నో ఏళ్లు బతకాల్సిన, ఎదగాల్సిన ఒళ్లు అది! ఆ తేడా చిన్నది కాదు.

అలాగని అందరికీ ఇదే మేలని చెప్పడం తప్పు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ప్రోటాన్లనూ ఆధునిక ఎక్స్ కిరణాలనూ పోల్చిన అమెరికా పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. రోగుల జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఖర్చేమో చాలా ఎక్కువ. పైగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగే చికిత్స. రాజపాళయం కుటుంబమైతే అన్నాళ్లూ చెన్నైలో ఇల్లు తీసుకుని ఉండాల్సిందే. ఆస్తి అమ్మే ముందు, "మా గడ్డకు దీనివల్ల అదనంగా ఒరిగేదేమిటి?" అని డాక్టర్‌ను నిలదీసి అడగాలి.

ప్రభుత్వ రంగంలో టాటా మెమోరియల్ వారి ప్రోటాన్ కేంద్రం నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో 2023 నుంచి రోగులకు చికిత్స చేస్తోంది.