నార్టన్ ఫ్రేము, ట్రయంఫ్ ఇంజను: ట్రైటన్ కథ

ఇంగ్లండ్‌లో పాత మోటారు సైకిళ్ళ ప్రదర్శనకి ఎప్పుడైనా వెళ్తే ‘ట్రైటన్’ ఉందేమో చూడండి. దాన్ని ఏ ఫ్యాక్టరీ తయారు చెయ్యలేదు. ట్రయంఫ్ ఇంజనుని నార్టన్ ఫ్రేములో కూర్చోబెట్టి, రెండు పేర్లూ కలిపేశారు. మా ఆయనకి పాత బళ్ళ పిచ్చి. నేను ఫిజిక్స్ చదివినదాన్ని, అందుకే “ఎందుకలా?” అని అడక్కుండా ఉండలేకపోయాను.

1950లో నార్టన్ రేసు బళ్ళకి బెల్‌ఫాస్ట్‌కి చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ కొత్త ఫ్రేము రూపొందించాడు. రెండు ఉక్కు గొట్టాలు ఇంజను చుట్టూ ఉచ్చుల్లా తిరిగి హ్యాండిల్ దగ్గర కలుస్తాయి. బండి మలుపుల్లో వంకర పోదు. రేసర్ హెరాల్డ్ డేనియల్ ఈకల పరుపు మీద ఉన్నట్టుందన్నాడు. దాంతో ‘ఫెదర్‌బెడ్’ అన్న పేరు స్థిరపడింది. ట్రయంఫ్ జంట సిలిండర్ల ఇంజనేమో తేలిక, వేగం ఎక్కువ. కానీ దాని సొంత ఫ్రేము అంత నిలకడైనది కాదు.

ఇంకో కారణమూ ఉంది. ఆ రోజుల్లో 500 సీసీ రేసు కార్లవాళ్ళకి నార్టన్ ఇంజను కావాలి. విడిగా అమ్మేవారు కాదు. అందుకని బండి మొత్తం కొని, ఇంజను తీసుకుని, ఫ్రేము వదిలేసేవారు. అలా మిగిలిన ఫ్రేములు కుర్రాళ్ళకి దొరికాయి. 1965లో డేవ్ డీజెన్స్, రెక్స్ బుచర్ ట్రైటన్ మీద బార్సిలోనా 24 గంటల రేసు గెలిచారు.

‘నార్విన్’ ఇంకా అరుదు. నార్టన్ ఫ్రేములో విన్సెంట్ 998 సీసీ వీ-ట్విన్ ఇంజను. ఇంజను, గేర్‌బాక్స్ ఒకే పెద్ద ముద్దగా ఉండడంతో ఇరికించడం కష్టం. పైగా విన్సెంట్ 1955లోనే బళ్ళు ఆపేసింది.

అసలు పనితనమంతా అతుకులో ఉంది. ఇంజనుని పట్టుకునే ప్లేట్లు కొలత ప్రకారం కోయాలి. గేర్‌బాక్స్ పళ్ళచక్రం, వెనక చక్రం పళ్ళచక్రం ఒకే గీతలో ఉండాలి, లేకపోతే చైను త్వరగా అరిగిపోతుంది. ట్రయంఫ్‌లో రెండు పిస్టన్లూ ఒకేసారి లేచి దిగుతాయి కాబట్టి అదురు ఎక్కువ, బోల్టులు వదులవుతాయి.

మీ ఇంట్లో ఎవరైనా కొంటానంటే ట్యాంకు మీద పేరు చూసి మురిసిపోవద్దు. ఎవరు కట్టారు, ఎప్పుడు, బిల్లులున్నాయా అని అడగండి. ఫ్రేము నంబరు, ఇంజను నంబరు వీ5సీ పత్రంతో సరిపోల్చండి. ఇంజను మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పించండి. ఇది కంపెనీ గ్యారంటీ లేని బండి. కట్టినవాడి చెయ్యే దానికి గ్యారంటీ.